మా రోజుల్లో లింకర్ మాట వినేవాళ్ళం

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు సి భాష వచ్చంటారు. వచ్చు కూడా. పాయింటరుకు పాయింటరంటే ఏమిటో చెప్పగలరు, లింక్డ్ లిస్టును తిరగేయగలరు, ఇంటర్వ్యూల్లో అడిగే చిక్కు ప్రశ్నలన్నీ కంఠతా పట్టేశారు. నాలుగు ఫైళ్ళకు ఉమ్మడిగా కావాల్సిన ఒక్క స్థిరాంకాన్ని హెడర్ ఫైల్లో సరిగ్గా పెట్టమంటే మాత్రం తడబడతారు. నాకు కడుపు మండేది అక్కడే.

జరిగేది ఇది. హెడర్లో ‘కాన్‌స్ట్ ఇంట్ పోర్ట్ = 502;’ అని రాస్తారు. దాన్ని మూడు డాట్ సి ఫైళ్ళలో ఇంక్లూడ్ చేస్తారు. మూడూ కిక్కురుమనకుండా కంపైల్ అవుతాయి. ఆఖర్న లింకర్ ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఆపేస్తుంది. స్క్రీన్ మీద వచ్చినదాంట్లో వీళ్ళు చదివేది చిట్టచివరి లైను ఒక్కటే: ఎల్‌డీ 1 ఎగ్జిట్ స్టేటస్‌తో తిరిగొచ్చిందని. ఆ లైనులో సమాచారం ఏమీ లేదు. అసలు సంగతంతా దానికి పై లైన్లలో ఉంది. ఏ పేరుతో పేచీ వచ్చింది, అది ఏ ఆబ్జెక్ట్ ఫైల్లో రెండోసారి కనబడింది, మొదట ఎక్కడ కనబడింది, అన్నీ ఊరూపేరుతో సహా రాసి ఉంటాయి. అవి చదివే ఓపిక ఎవరికీ లేదు. చివరి లైను కాపీ చేసి వెతుకుతారు, లేదా ఏఐని అడుగుతారు. ‘ముందు స్టాటిక్ అని చేర్చండి’ అని జవాబొస్తుంది. చేరుస్తారు. లింకర్ ఊరుకుంటుంది. పనైపోయిందనుకుంటారు.

పని అవలేదు. లింకర్ ఒక ప్రశ్న అడిగింది: ఈ స్థిరాంకం ఏ ఫైలుది? దానికి జవాబు చెప్పలేదు. అడిగే నోటిని మూయించారంతే.

మేం సి నేర్చుకున్న రోజుల్లో ఆ ప్రశ్నను తప్పించుకునే దారి లేదు. కంపైల్ చేయడం వేరు, లింక్ చేయడం వేరు అన్నది మాకు చేతిపని ద్వారా తెలిసింది. ఒక్కో ఫైలునూ విడిగా కంపైల్ చేసి, పుట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్ళ పేర్లు వరసగా మేమే టైప్ చేసి లింకర్‌కు అప్పగించేవాళ్ళం. లింకర్ పని ముగించాక ఒక మ్యాప్ ఫైలు రాసి పెట్టేది. ఏ పేరు ఏ మాడ్యూల్‌ది, ఏ చిరునామాలో కూర్చుంది, ఏ మాడ్యూల్ ఎన్ని బైట్లు తిన్నది, అంతా అందులో ఉండేది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద, అంచుల్లో చిల్లులున్న కాగితం మీద దాన్ని అచ్చు తీసి, బల్ల మీద పరుచుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివేవాళ్ళం. ఆ చదువు మాకెవరూ సిలబస్‌లో పెట్టలేదు. చదవకపోతే పని జరిగేది కాదు కాబట్టి చదివాం.

జాగా కరువు మరో గురువు. ఇంటెల్ 1980లో తెచ్చిన 8051 చిప్పు మీద హైదరాబాద్‌లోని చర్లపల్లిలో, బాలానగర్‌లో ఎన్నో చిన్న యూనిట్లు బతికాయి. ఆ చిప్పు లోపల ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, డేటాకు 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. చాలకపోతే బయట 2764 ఈప్రామ్ పెట్టుకోవాలి, అదీ 8 కిలోబైట్లే. ప్రోగ్రాములో తప్పు దొరికితే ఆ ఈప్రామ్‌ను సాకెట్లోంచి పీకి, అతినీలలోహిత దీపం కింద 15, 20 నిమిషాలు పెట్టి చెరిపి, మళ్ళీ రాయాలి. ఒక పట్టిక రెండుసార్లు కూర్చుందంటే మ్యాప్ ఫైల్లోనే పట్టుకోవాలి, లేకపోతే చిప్పులో పట్టదు. కైల్ కంపైలర్‌లో ‘కోడ్’ అనే మాట ప్రత్యేకంగా ఉండేది, స్థిరాంకాన్ని ర్యామ్‌లోకి రానివ్వకుండా ప్రోగ్రాము మెమొరీలోనే ఉంచడానికి. ఏ విలువ ఎక్కడ కూర్చుంటుందో చెప్పడం ప్రోగ్రామరు బాధ్యత అని ఆ ఒక్క మాట రోజూ గుర్తుచేసేది.

మా చేతిలో ఉన్న పుస్తకం కెర్నిహాన్, రిచీ రాసినదే. 1988లో వచ్చిన రెండో కూర్పు. ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా వేసిన చౌక ప్రతులు కోఠీలో పాత పుస్తకాల దుకాణాల్లో దొరికేవి. దాంట్లో నాలుగో అధ్యాయం తీయండి. ఒక చిన్న క్యాల్క్యులేటర్ ప్రోగ్రాము రాసి, దాన్ని నాలుగు డాట్ సి ఫైళ్ళుగా, ఒక హెడర్‌గా విడగొట్టి చూపిస్తారు. ‘నంబర్’ అనే స్థిరాంకం రెండు ఫైళ్ళకు కావాలి కనుక అది హెడర్లోకి వెళ్ళింది. స్టాక్ ఎంత లోతు ఉండాలో చెప్పే ‘మ్యాక్స్‌వాల్’ స్టాక్ ఫైలుకే కావాలి కనుక అక్కడే ఉండిపోయింది. బఫర్ సైజు కూడా అంతే, దాన్ని వాడే ఫైలు దాటి బయటికి రాలేదు. రెండు పేజీలు కూడా పట్టని ఆ ఉదాహరణలో ఈ వ్యవహారం సగం ఉంది: హెడర్లో పెట్టాలా అని అడగడానికి ముందు, ఇది ఇంకెవరికైనా కావాలా అని అడగాలి. ఇప్పటి ప్రాజెక్టుల్లో ‘కాన్‌స్టెంట్స్ డాట్ హెచ్’ అని ఒక ఫైలు పెడతారు. అందులో బాడ్ రేటు నుంచి ఎల్‌సీడీ మీద చూపే మాటల దాకా ప్రపంచంలో ఉన్న ప్రతి అంకెనూ కుక్కుతారు. ఎవరికి ఏది కావాలో ఎవరికీ తెలియదు. ఒక్క అంకె మారిస్తే ప్రాజెక్టు మొత్తం మళ్ళీ కంపైల్ అవుతుంది.

ఇంక డిక్లరేషన్, డెఫినిషన్ తేడా. దీన్ని నేను కొత్తవాళ్ళకు ఒకే తీరుగా చెబుతాను. శుభలేఖ వెయ్యి ఇళ్ళకు పంచుకోవచ్చు, అన్నిట్లోనూ ఒకే ముహూర్తం, ఒకే కల్యాణమండపం పేరు ఉండాలి; పెళ్ళి మాత్రం ఒక్క పందిట్లో ఒక్కసారే. ‘ఎక్స్‌టర్న్ కాన్‌స్ట్ ఇంట్ పోర్ట్;’ అన్నది శుభలేఖ. ‘కాన్‌స్ట్ ఇంట్ పోర్ట్ = 502;’ అన్నది పెళ్ళి. విలువ ఇచ్చేశారంటే జాగా కేటాయించినట్టే. హెడర్ ఫైలంటే కంపైలర్ దృష్టిలో విడిగా ఉండే వస్తువు కాదు. ఇంక్లూడ్ చేసిన ప్రతి చోటా దాని పాఠం అక్షరం పొల్లుపోకుండా వచ్చి పడుతుంది. మూడు ఫైళ్ళలో ఇంక్లూడ్ చేస్తే మూడు డెఫినిషన్లు. లింకర్ ఆగకుండా ఇంకేం చేస్తుంది?

‘ఇంక్లూడ్ గార్డు పెట్టాను కద సార్’ అంటారు. ఈ మాట విన్న ప్రతిసారీ, నేర్పినవాళ్ళ మీద కోపమొస్తుంది నాకు. ఇఫ్‌ఎన్‌డెఫ్ గార్డు చేసే పని ఒక డాట్ సి ఫైలు కంపైల్ అవుతున్నప్పుడు ఆ ఒక్క ఫైల్లోకి హెడర్ రెండుసార్లు రాకుండా చూడటం. పక్క ఫైలు కంపైల్ అయ్యేటప్పుడు ఆ గార్డు సంగతి కంపైలర్‌కు గుర్తుండదు. మళ్ళీ మొదట్నుంచి మొదలు. గార్డుకూ లింకర్‌కూ సంబంధమే లేదు. ప్రాగ్మా వన్స్ కూడా అంతే. కొందరు ‘ఎక్స్‌టర్న్ కాన్‌స్ట్ ఇంట్ పోర్ట్ = 502;’ అని ఎక్స్‌టర్న్‌నూ విలువనూ కలిపి హెడర్లో రాస్తారు. విలువ ఉంటే ఎక్స్‌టర్న్ అన్న మాటకు ఫలితం లేదు, అది డెఫినిషనే. జీసీసీ హెచ్చరిక కూడా ఇస్తుంది. హెచ్చరికలు చదివేవాళ్ళెక్కడ?

ఇంకా ఘోరం, లింకర్‌కు ‘అలౌ మల్టిపుల్ డెఫినిషన్’ అనే ఆప్షన్ ఇచ్చి దాటేయడం. అప్పుడు లింకర్ మొదట కనబడినదాన్ని తీసుకుని మిగతావాటిని వదిలేస్తుంది. రెండు చోట్లా విలువ ఒకటే అయితే సరే. ఎవరో ఒక చోట మార్చి ఇంకో చోట మరిచిపోతే ఏది నెగ్గుతుంది? మేక్‌ఫైల్లో ఆబ్జెక్ట్ ఫైళ్ళు ఏ వరసలో రాశారో దాన్ని బట్టి. ఫ్యాక్టరీలో నడిచే యంత్రంలో ఒక పరిమితి విలువ అట్లా నిర్ణయమవుతుందని తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.

ఈ గందరగోళానికి పెద్ద మూలం సి, సి ప్లస్ ప్లస్ రెంటినీ కలిపి ఒకే భాషన్నట్టు నేర్పడం. రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1970ల మొదట్లో సి తయారుచేసినప్పుడు కాన్‌స్ట్ అనే మాటే లేదు. స్థిరాంకమంటే హ్యాష్ డిఫైనే. కాన్‌స్ట్ ఆలోచన సి ప్లస్ ప్లస్ చేసిన స్ట్రౌస్ట్రప్ దగ్గర్నుంచి వచ్చింది; 1989 ఆన్సీ ప్రామాణికంలో సి భాషలో స్థిరపడింది. కానీ రెండు భాషల్లోనూ దాని ప్రవర్తన ఒకటి కాదు. సి ప్లస్ ప్లస్‌లో ఫైలు పైభాగంలో రాసిన కాన్‌స్ట్ తనంతట తానే ఆ ఫైలుకు పరిమితం, అంటే స్టాటిక్ రాసినట్టే లెక్క. హ్యాష్ డిఫైన్ బదులు దాన్ని హెడర్లలో పెట్టుకునే వీలు ఉండాలని అట్లా చేశారు. సి లో అట్లా కాదు. అక్కడ కాన్‌స్ట్ అంటే ఈ పేరు ద్వారా విలువను మార్చకూడదు అన్న నియమం మాత్రమే. వస్తువు మామూలు గ్లోబల్ వస్తువే, దాని పేరు ప్రోగ్రామంతటికీ తెలుస్తుంది. ఒకే హెడర్ డాట్ సీపీపీ ఫైళ్ళతో చక్కగా లింకవుతుంది, పొడిగింపు డాట్ సి అయ్యేసరికి లింకర్ ఆపేస్తుంది. కాలేజీలో ‘సి, సి ప్లస్ ప్లస్’ అని ఒకే సబ్జెక్టుగా చదువుకున్నవాడికి ఇది మాయలాగా కనబడుతుంది. మాయ కాదు, నియమం. ఎవరూ చెప్పని నియమం.

ఇంకో తేడా కూడా ఉంది. సి ప్లస్ ప్లస్‌లో కాన్‌స్ట్ ఇంట్‌ను గ్లోబల్ అర్రే సైజుగా, స్విచ్‌లో కేస్ లేబుల్‌గా వాడుకోవచ్చు. సి ప్రామాణికం ప్రకారం అది చెల్లదు, అక్కడ కాన్‌స్ట్ ఇంట్ స్థిరాంకమే కాదు, మార్చకూడని వేరియబుల్. కేస్ లేబుల్‌కు పేరున్న స్థిరాంకం కావాలంటే ఇటీవలి దాకా హ్యాష్ డిఫైన్, లేదా ఎనమ్, అంతే.

మా రోజుల్లో అంతా పద్ధతిగా ఉండేదని నేను అబద్ధం చెప్పను. యునిక్స్ లింకర్లు ఒక విషయంలో మరీ చూసీచూడనట్టు పోయేవి. ఫైలు పైభాగంలో విలువ ఇవ్వకుండా ‘ఇంట్ కౌంట్;’ అని హెడర్లో రాస్తే, ఎన్ని ఫైళ్ళలోకి వచ్చినా అన్నిటినీ కలిపి ఒక్క జాగాలో పడేసేవి. ఫోర్‌ట్రాన్‌లో కామన్ బ్లాకులని ఉండేవి, దాన్నుంచి వచ్చిన అలవాటు. విలువ ఇచ్చినవాటికి మాత్రం ఎర్రర్ తప్పేది కాదు. జీసీసీ ఆ పాత ఉదారతను దశాబ్దాల పాటు కొనసాగించింది. 2020 మే నెలలో వచ్చిన జీసీసీ 10వ కూర్పులో దాన్ని మాన్పించారు. దాంతో ఎన్నో పాత ప్రోగ్రాములు ఉన్నపళంగా లింక్ కావడం మానేశాయి, లైనక్స్ పంపిణీలు నడిపేవాళ్ళు ప్యాకేజీలు ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. సులువు దారి పాత ఆప్షన్ ‘ఎఫ్‌కామన్’ తిరిగి పెట్టడం. సరైన దారి హెడర్లో ఎక్స్‌టర్న్ రాసి, ఒక్క ఫైల్లో డెఫినిషన్ పెట్టడం. సరైన దారి పట్టినవాళ్ళను నేను మెచ్చుకుంటాను. మా తరం వదిలిన అప్పు అది, వాళ్ళు తీర్చారు.

మా రోజుల్లో ఇంకో ఇబ్బందీ ఉండేది. 1989 ప్రామాణికం బయటి పేర్లకు హామీ ఇచ్చింది మొదటి 6 అక్షరాలకే, అదీ పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ తేడా లేకుండా. అప్పటి లింకర్లు అంతే చూడగలిగేవి. ‘మ్యాక్స్‌వాల్యూ1’, ‘మ్యాక్స్‌వాల్యూ2’ అని రెండు గ్లోబల్స్ రాసుకుంటే కొన్ని యంత్రాల మీద రెండూ ఒకటే అయిపోయే ప్రమాదం. పేరు పెట్టడానికి ముందు ఆలోచించేవాళ్ళం, ఆ పేరు అందరికీ కనబడాలా అని కూడా ఆలోచించేవాళ్ళం. 1999లో ఆ హద్దును 31కి పెంచారు. హద్దు పెరిగింది, మంచిదే. ఆలోచన కూడా దాంతోపాటే పోవాల్సిన అవసరం లేదు.

స్టాటిక్ చేర్చితే ఏం పోయింది అని అడుగుతారు. ఒక్క పూర్ణాంకమైతే పెద్దగా ఏమీ పోదు, నిజమే. కంపైలర్ ఆప్టిమైజేషన్‌లో ఆ విలువను వాడిన చోటే నేరుగా దించేసి, జాగాను తీసేస్తుంది. చిన్న అంకెకు స్టాటిక్ కాన్‌స్ట్ రాసినవాడితో నాకు పోట్లాట లేదు. పట్టికల దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది.

కరెంటు మీటర్లలోనూ ఫ్యాక్టరీ ప్యానెళ్ళలోనూ నడిచే మోడ్‌బస్ చూడండి. మోడికాన్ కంపెనీ 1979లో పెట్టిన పద్ధతి, ఇప్పటికీ చాలా చోట్ల అదే. దాని ఆర్‌టీయూ రూపంలో పంపే ప్రతి సందేశం చివరా సీఆర్‌సీ అని 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. దాన్ని త్వరగా లెక్కకట్టడానికి 256 బైట్ల పట్టికలు రెండు కావాలి, మొత్తం 512 బైట్లు. ఒక చిన్న యూనిట్‌లో సలహాకు వెళ్ళినప్పుడు ఒక కుర్రవాడు బోర్డు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆర్డ్యూనో యూనో మీద ఉండే ఏటీమెగా328 చిప్పే, ర్యామ్ 2 కిలోబైట్లు.

‘కంపైల్ అయింది సార్, లింకూ అయింది. బోర్డు మాత్రం అప్పుడప్పుడూ దానంతట అదే రీసెట్ అవుతోంది.’

‘సైజ్ చూశావా బాబూ?’

‘ఫ్లాష్‌లో బోలెడు ఖాళీ ఉంది సార్.’

‘ఫ్లాష్ కాదు, ర్యామ్.’

చూడలేదు. రెండు పట్టికలూ ముందు స్టాటిక్‌తో హెడర్లో ఉన్నాయి. ఆ హెడర్లోనే లెక్కకట్టే ఫంక్షన్ కూడా ఉంది, అదీ స్టాటికే. మూడు ఫైళ్ళు దాన్ని వాడుతున్నాయి. మూడు ప్రతులు, 1536 బైట్లు. ఉన్న 2048లో మిగిలినది 512. అందులోనే సీరియల్ బఫర్లు, అందులోనే స్టాక్. స్టాక్ కిందికి పెరిగి డేటా మీద పడ్డప్పుడల్లా బోర్డు పిచ్చిగా ప్రవర్తిస్తోంది. కాన్‌స్ట్ ఒక్కటి చేర్చినా ఆ చిప్పు మీద లాభం లేదు, ఏవీఆర్ జీసీసీ ఆ కుటుంబం చిప్పులకు కాన్‌స్ట్ డేటాను కూడా ర్యామ్‌లోకే తెస్తుంది. ప్రోగ్‌మెమ్ అని చెప్పి, చదివే తీరు కూడా మార్చితేనే ఫ్లాష్‌లో ఉంటుంది.

ఇక్కడ నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఆ కుర్రవాడు స్టాటిక్ రాయకుండా మామూలు సి లో రాసి ఉంటే లింకర్ మొదటి నిమిషంలోనే ఆపి, ఏ రెండు ఫైళ్ళలో ఉందో చెప్పేది. ఎర్రర్ రాకపోవడం వల్ల వారాల తరబడి ప్రోగ్రాము అంతా తవ్వాడు. సీఆర్‌సీ అనుమానించాడు, కరెంటు సరఫరా అనుమానించాడు, చివరకు చిప్పునే అనుమానించాడు.

సరిచేయడం కష్టమేమీ కాదు. పట్టికలు హెడర్లో ఉండాల్సిన పనే లేదు. ‘సీఆర్‌సీ డాట్ సి’ అని ఒక ఫైలు పెట్టి, పట్టికలూ ఫంక్షనూ అందులో పెట్టాం. హెడర్లో మిగిలింది ఒకే ఒక్క లైను, ఫంక్షన్ డిక్లరేషన్. సీఆర్‌సీ కావాల్సినవాడికి సీఆర్‌సీ విలువ కావాలి, పట్టిక ఎందుకు? స్టాక్ ఫైల్లోనే ఉండిపోయిన మ్యాక్స్‌వాల్ పాఠం ఇదే. స్టాటిక్ అనే మాట ఇప్పుడు సరైన చోట ఉంది: డాట్ సి ఫైల్లో, పట్టిక ముందు.

పట్టికను నిజంగా పదిమంది చూడాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఎర్రర్ సందేశాల జాబితా, సెన్సర్ విలువను ఉష్ణోగ్రతగా మార్చే పట్టిక, అక్షరాల బొమ్మలు. వాటికి ఎక్స్‌టర్న్ పద్ధతి తప్ప మరోటి లేదు. హెడర్లో డిక్లరేషన్, ఒక్క డాట్ సి ఫైల్లో డెఫినిషన్. ఆ డాట్ సి ఫైలు తన హెడర్‌ను తాను తప్పనిసరిగా ఇంక్లూడ్ చేసుకోవాలి. ఈ చివరి ముక్క చాలామంది మానేస్తారు, దాని ఖరీదు పెద్దది. లింకర్‌కు పేర్లు తెలుసు, రకాలు తెలియవు. హెడర్లో ఇంట్ అనీ, డెఫినిషన్‌లో డబుల్ అనీ ఉన్నా అది మాట్లాడకుండా కలిపేస్తుంది. తన హెడర్ తాను ఇంక్లూడ్ చేసుకున్న ఫైల్లో మాత్రం కంపైలర్ రెండిటినీ పక్కపక్కన చూసి పట్టుకుంటుంది. మరీ పాతకాలపు తప్పొకటుంది: ఒక చోట ‘క్యార్ నేమ్[]’ అని అర్రేగా డెఫినిషన్, ఇంకో చోట ‘ఎక్స్‌టర్న్ క్యార్ *నేమ్’ అని పాయింటర్‌గా డిక్లరేషన్. లింకవుతుంది. నడిపితే, అక్షరాలనే చిరునామా అనుకుని ఎక్కడికో పోయి కూలుతుంది. ఇట్లాంటివి ఫైళ్ళ మధ్య పోల్చి చెప్పడానికి బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ లింట్ అనే పరికరం రాశాడు. మా దగ్గర లింట్ నడపకుండా కోడ్ చేతులు మారేది కాదు.

అర్రే అయితే హెడర్లో సైజు కూడా రాయండి. ఖాళీ బ్రాకెట్లు పెడితే బయటివాళ్ళకు సైజాఫ్ పనిచేయదు. మాటలైతే ‘కాన్‌స్ట్ క్యార్ *’ అని ఆపేయకండి; అందులో అక్షరాలకు రక్షణ ఉంది గానీ పాయింటర్‌కు లేదు, ఎవరైనా దాన్ని వేరే వైపు తిప్పేయొచ్చు. పాయింటర్‌కు కూడా కాన్‌స్ట్ పెట్టండి, లేదా నేరుగా అర్రేగా రాయండి.

చిన్న పూర్ణాంకాలకు ఎనమ్ నాకు ఎప్పుడూ ఇష్టం. పేరు లేని ఎనమ్ ఒకటి హెడర్లో పెట్టి అందులో విలువలు రాస్తే జాగా ఖర్చు లేదు, లింకర్ దాకా పోయే సంగతే లేదు, కేస్ లేబుల్‌కు పనికొస్తుంది, అర్రే సైజుకు పనికొస్తుంది. హ్యాష్ డిఫైన్ కూడా ఇవన్నీ చేస్తుంది. కానీ దానికి రకం లేదు, హద్దు లేదు. ఏ ఫైల్లో ఆ అక్షరాలు కనబడినా మార్చేస్తుంది. మామూలుగా కంపైల్ చేసిన ప్రోగ్రామును డీబగ్గర్‌లో తెరిస్తే దాని పేరు కనబడదు, ఎనమ్ పేరు కనబడుతుంది. ఎనమ్‌లో దశాంశ సంఖ్యలు కుదరవు, ఇంట్ పట్టనంత పెద్ద సంఖ్యలకు ఇటీవలి దాకా దారి లేదు. వాటికి హ్యాష్ డిఫైన్ వాడుకోండి, కుండలీకరణాలు మరిచిపోకుండా.

ఈ మాటలు చెబితే పిల్లలు శ్రద్ధగా వింటారు, వెంటనే పట్టుకుంటారు. తెలివికేం తక్కువ లేదు. లోటు నేర్పే తీరులో ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట మేం వాడి వదిలేసిన టర్బో సి నీలం తెరను మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో కాలేజీల ల్యాబులు డాస్‌బాక్స్ పెట్టి మరీ ఈనాటికీ నడిపిస్తున్నాయి. కోనియో డాట్ హెచ్, క్లియర్ స్క్రీన్, వాయిడ్ మెయిన్. ప్రతి ప్రయోగమూ ఒకే ఫైలు. ఫ్యాక్టోరియల్ ఒక ఫైలు, ఫిబొనాచీ ఒక ఫైలు, మ్యాట్రిక్స్ గుణకారం ఒక ఫైలు. నాలుగేళ్ళ చదువులో రెండో ఫైలు రాయాల్సిన అవసరమే రాదు. అమీర్‌పేట కోర్సుల్లోనూ నేను చూసిన నోట్సు అదే తీరు: అవుట్‌పుట్ ఏమిటి అని అడిగే ప్రశ్నలు వందలకొద్దీ, లింకర్ గురించి ఒక్క పేజీ లేదు. టర్బో సి లో కూడా ప్రాజెక్ట్ మెనూ ఉంది, ఒకటి కంటే ఎక్కువ ఫైళ్ళను కలిపి లింక్ చేయొచ్చు. దాన్ని తెరిచి చూపినవాళ్ళు అరుదు. అందుకే పిల్లలు రెండో ఫైలు అవసరమైనప్పుడు ఒక డాట్ సి ఫైల్లోకి ఇంకో డాట్ సి ఫైలును ఇంక్లూడ్ చేస్తారు. అది అప్పటికి నడుస్తుంది. ఉద్యోగంలో అదే అలవాటు మేక్‌ఫైలును కలిసినప్పుడు ప్రతి ఫంక్షనూ రెండుసార్లు పుడుతుంది.

2023 ప్రామాణికం సి భాషలోకి కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ తెచ్చింది. జీసీసీ 13 నుంచి ఉంది. హెడర్లో ‘కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ ఇంట్ పోర్ట్ = 502;’ అని రాస్తే లింకర్ అడ్డుపడదు, అర్రే సైజుకూ కేస్ లేబుల్‌కూ చెల్లుతుంది, రకమూ ఉంటుంది, దశాంశ సంఖ్యలకూ పనికొస్తుంది. మంచి పని చేశారు, ఎప్పుడో రావాల్సింది. కానీ అది ఫైలుకు పరిమితమైన పేరే, అంటే స్టాటిక్ లెక్కే. పెద్ద పట్టికను దానితో హెడర్లో రాస్తే మళ్ళీ వాడిన ఫైలుకొక ప్రతి. కొత్త మాట వచ్చింది కదా అని 512 బైట్లను హెడర్లో పెట్టేవాళ్ళు రేపు తయారవుతారు. పాత కంపైలర్ల మీద నడిచే చిప్పుల ప్రపంచంలో ఈ మాట చేరడానికి ఇంకా చాలా కాలం పడుతుంది కూడా.

సి చెప్పే లెక్చరర్లను నేను కోరేది ఒకటే. ల్యాబ్ రికార్డులో ఒక్క ప్రయోగం చేర్చండి. రెండు డాట్ సి ఫైళ్ళు, ఒక హెడర్. హెడర్లో విలువతో సహా ఒక కాన్‌స్ట్ రాయించండి, లింకర్ ఆపేసినప్పుడు వచ్చిన ప్రతి లైనూ పిల్లల చేత పైకి చదివించండి. తర్వాత ఒక్కో ఆబ్జెక్ట్ ఫైలు మీద, అందులోని పేర్లను చూపే ఎన్ఎమ్ నడిపించండి: ఆ పేరు పక్కన పెద్ద ఆర్ కనబడుతుంది, రెండింట్లోనూ. స్టాటిక్ చేర్పించండి, రెండింట్లోనూ చిన్న ఆర్ అవుతుంది, ప్రతులు మాత్రం రెండూ అట్లాగే ఉంటాయి. ఎక్స్‌టర్న్‌గా మార్పించి, విలువను ఒక ఫైల్లోకి తరలించండి: ఒక దాంట్లో పెద్ద ఆర్, రెండో దాంట్లో యు. మూడు స్థితులనూ రికార్డులో రాయించి సంతకం పెట్టండి. కొత్త పరికరాలేవీ కొనక్కర్లేదు, ఏ లైనక్స్ కంప్యూటర్ మీదైనా జీసీసీతోపాటు ఎన్ఎమ్ ఉంటుంది, ఒక ల్యాబ్ పీరియడ్ చాలు.